వివక్షపై పనికి ప్రభుత్వ నిధి: ఒక చిన్న సంఘం కార్యదర్శిగా నా అనుభవం

కెనడాలో జాతి వివక్షను ఎదుర్కొనే పనికి ప్రభుత్వం డబ్బు ఇస్తుందన్న సంగతి మా సంఘంలో చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కూడా ఎక్కువమంది అది పెద్ద సంస్థలకే తప్ప, సొంత కార్యాలయమైనా లేని మాలాంటి వారికి అందే వ్యవహారం కాదని అనుకునేవారు. టొరంటోను ఆనుకుని ఉన్న పీల్ ప్రాంతంలో తెలుగు, తమిళ, పంజాబీ కుటుంబాలు కలిసి నడుపుకొనే ఒక చిన్న లాభాపేక్ష లేని సంస్థకు నేను కార్యదర్శిని. కొత్తగా వచ్చినవారికి ఇల్లు వెతకడంలోనూ, ఉద్యోగాలకు దరఖాస్తులు రాయడంలోనూ, పిల్లలను బడిలో చేర్చడంలోనూ సాయపడటం మా పని. ఇల్లు ఎందుకు దొరకలేదు, ఇంటర్వ్యూ దాకా వెళ్ళిన ఉద్యోగం ఎందుకు చేజారింది అని ఆరా తీసినప్పుడల్లా వివక్ష మాట వస్తూ ఉండేది. దాని మీద విడిగా, ఒక పద్ధతి ప్రకారం పని చేయాలంటే సభ్యుల చందాలు చాలవని తేలిన తరువాత ఫెడరల్ ప్రభుత్వ నిధికి దరఖాస్తు చేశాం. ఆ దారిలో ఎదురైన వాటిని, ముఖ్యంగా ఫారం చూస్తే అర్థం కాని సంగతులను, ఇటువంటి సంఘాలు నడుపుతున్నవారి కోసం రాస్తున్నాను.

మేము ఎంచుకున్నది కెనేడియన్ హెరిటేజ్ శాఖ నిర్వహించే బహుళసంస్కృతి, జాతి వివక్ష వ్యతిరేక కార్యక్రమం. 1971లో ప్రకటించిన బహుళసంస్కృతి విధానం, 1988లో వచ్చిన చట్టం దాని వెనుక ఉన్నాయి. 2019లో ప్రభుత్వం 4.5 కోట్ల డాలర్లతో జాతి వివక్ష వ్యతిరేక వ్యూహాన్ని ప్రకటించింది. 2024లో ప్రకటించిన రెండో వ్యూహానికి 11.04 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇది కాక కెనేడియన్ రేస్ రిలేషన్స్ ఫౌండేషన్ కూడా చిన్న సంఘాలకు నిధులు ఇస్తుంది. ఆ ఫౌండేషన్ పుట్టుక గురించి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పశ్చిమ తీరం నుంచి ఇళ్ళు, పడవలు, పొలాలు లాక్కుని తరిమివేసిన జపనీస్ కెనేడియన్లకు 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చినప్పుడు, ఆ ఒప్పందంలో భాగంగానే ఈ ఫౌండేషన్‌కు 2.4 కోట్ల డాలర్ల మూలనిధి ఏర్పడింది. అందులో సగం ఆ సముదాయం తరఫున పెట్టినదే. ఈ దేశంలో వివక్ష వ్యతిరేక నిధుల చరిత్రలో బాధితుల వాటా ఎంత ఉందో మా సభ్యులకు చెప్పినప్పుడు, ప్రభుత్వం దగ్గర చేయి చాపడమేమిటని మొదట మొహమాటపడినవారు కూడా ఆ మాట మానేశారు.

హెరిటేజ్ శాఖ కార్యక్రమంలో మూడు విభాగాలు ఉన్నాయి: ఉత్సవాలు, ప్రాజెక్టులు, సంఘాల సామర్థ్యం పెంచుకోవడం. మా కార్యవర్గంలో సగం మంది ఉత్సవాల విభాగం వైపే మొగ్గారు. ఒక రోజు కార్యక్రమం, వేదిక, పాటలు, నాట్యం, భోజనాలు. చేతికి అలవాటైన పని, లెక్కలు కూడా తేలిక. నేను, కోశాధికారి ఒప్పుకోలేదు. పండుగను అందరితో కలిసి జరుపుకోవడం మంచిదే, ఇరుగుపొరుగు పరిచయాలు పెరుగుతాయి, కాని మా నాట్యం చూసి చప్పట్లు కొట్టిన ఇంటి యజమాని మర్నాడు మా పేరు చూసి ఇల్లు ఇవ్వననకుండా ఉంటాడన్న హామీ ఏమీ లేదు. మన సంఘాలు చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తాయి. ఆ కలపడం వల్లనే, ఇన్నేళ్ళుగా ఇన్ని సంఘాలు ఉన్నా, వివక్షకు గురైన మనిషి ఎక్కడికి వెళ్ళాలో చెప్పగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవని నా అభిప్రాయం. చివరకు ప్రాజెక్టుల విభాగంలోనే దరఖాస్తు చేయాలని తీర్మానించాం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉంటే చాలు, పన్ను రాయితీ రసీదులు ఇవ్వగలిగే ఛారిటీ హోదా ఉండనక్కరలేదు. నమోదు పత్రం, నియమావళి, కార్యవర్గ సభ్యుల జాబితా, గత సంవత్సరపు ఆదాయవ్యయ పట్టిక సిద్ధంగా ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా మిగతా దరఖాస్తు ఎంత బాగా రాసినా ముందుకు వెళ్ళదు కనుక, మొదట వీటిని ఒకచోట పెట్టుకుని తరువాతే ఫారం తెరవాలి.

అసలు కష్టం, నా దృష్టిలో అసలు లాభం కూడా, సమస్యను వివరించమన్న భాగంలో ఉంది. మీరు పరిష్కరించదలచినది ఏమిటి, అది ఉన్నదని మీకు ఎలా తెలుసు, మీ పని వల్ల ఏమి మారుతుంది అని వరుసగా ప్రశ్నలు ఉంటాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం మా పీల్ ప్రాంతంలోని బ్రాంప్టన్ నగరంలో సగానికి పైగా దక్షిణాసియా మూలాలవారే. అటువంటి చోట మీపై వివక్ష చూపేది ఎవరని సమీక్షకులు అడుగుతారని మా సభ్యుల్లో ఒకరు ముందే హెచ్చరించారు. దేశవ్యాప్తంగా పోలీసుల లెక్కకు వచ్చిన ద్వేష నేరాలు 2019లో దాదాపు 1,950 ఉండగా 2023 నాటికి 4,777కు చేరాయి. ఆ అంకెలను ఫారంలో రాశాం. అయితే అవి పోలీసుల దాకా వెళ్ళినవి మాత్రమే. మా దగ్గరకు వచ్చేవారి అనుభవాల్లో చాలావరకు నేరం అన్న నిర్వచనంలోకే రావు. అద్దెకు ఇల్లు ఇవ్వకపోవడం, కెనడా అనుభవం లేదంటూ ఉద్యోగం నిరాకరించడం వంటివి మానవ హక్కుల చట్టం కిందకు వచ్చే విషయాలు తప్ప పోలీసు కేసులు కావు.

అందుకని మేమే ఒక పేజీ ప్రశ్నావళి తయారు చేశాం. తెలుగు, తమిళం, పంజాబీ భాషల్లో, పేరు రాయనక్కరలేకుండా, ఏమి జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరికి చెప్పారు అన్న ప్రశ్నలతో. గుడి దగ్గర, గురుద్వారా దగ్గర, గ్రంథాలయంలో, తెలిసినవారి ఇళ్ళల్లో పంచి, నింపలేనివారి పక్కన కూర్చుని మేమే రాసుకున్నాం. ఒక అమ్మాయి తన ఫోను తీసి ఇంటి యజమానితో నడిచిన సందేశాలు చూపించింది. ఇల్లు చూడటానికి రావలసిన సమయం ఖాయం చేస్తూ ఒక సందేశం, వివరాల కోసం తన పూర్తి పేరు అడుగుతూ మరొకటి, ఆ పేరు పంపిన తరువాత ఘాటు వంటలు చేసేవారికి ఇవ్వడం కుదరదంటూ ఇంకొకటి. అన్నీ ఒకే తెరమీద, ఒక దాని కింద ఒకటి ఉన్నాయి. అవి సాక్ష్యంగా పనికివస్తాయని ఆమెకు తెలియదు, తుడిచేయబోతూ చూపించిందంతే. మనవడిని బడి నుంచి తీసుకొచ్చే ఒక పెద్దావిడ, దారిలో కారు కిటికీలోంచి కేకలు వేసే మనిషిని తప్పించుకోవడానికి చుట్టు తిరిగి వస్తోంది. ఇంట్లో ఆమె ఆలస్యంగా వస్తోందని మాత్రమే తెలుసు. “ఇవన్నీ పిల్లలతో చెబుతామా అమ్మా, వాళ్ళ పనులే వాళ్ళకు సరిపోవడం లేదు” అన్నది.

నింపిన కాగితాలన్నీ ఒకచోట పేర్చి చూసినప్పుడు, ఎవరికి చెప్పారన్న గడి చాలా వాటిలో ఖాళీగా ఉంది, లేదా ఎవరికీ చెప్పలేదని రాసి ఉంది. దానితో మా ప్రాజెక్టు ఏమిటో మాకు స్పష్టమైంది. అంతవరకు అవగాహన సదస్సులు, కరపత్రాలు అంటూ గాలిలో రాసుకున్నదంతా పక్కన పెట్టి, జరిగిన దాన్ని ఎలా నమోదు చేసుకోవాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎంతలోపు చేయాలి అన్నవి సొంత భాషలో నేర్పగలిగే వాలంటీర్లను తయారు చేయడమే లక్ష్యంగా పెట్టుకున్నాం. మా రాష్ట్రమైన ఒంటారియోలో మానవ హక్కుల చట్టం 1962 నుంచి ఉంది. దాని కింద ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు సాధారణంగా ఘటన జరిగిన ఏడాదిలోపు చేయాలి. లాయరును పెట్టుకోలేనివారికి హ్యూమన్ రైట్స్ లీగల్ సపోర్ట్ సెంటర్ ఉచితంగా సలహా ఇస్తుంది. కెనడా అనుభవం తప్పనిసరి అనడం పైకి చూడగానే వివక్షగా లెక్కకు వస్తుందని అక్కడి మానవ హక్కుల కమిషన్ 2013లోనే విధాన పత్రంలో చెప్పింది. ఇన్ని ఉన్నా, మా కాగితాలు నింపినవారిలో ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలన్న గడువు సంగతి విన్నవారు దాదాపు లేరు.

ఫారంలో మరో ప్రశ్న స్త్రీలు, వృద్ధులు, వైకల్యం ఉన్నవారు వంటి వేర్వేరు వర్గాలపై మీ పని ప్రభావం ఎలా వేరుగా ఉంటుందో విశ్లేషించమంటుంది. ప్రభుత్వ ఫారాలన్నిటిలో ఉండే తద్దినం ప్రశ్న అని మొదట కొందరు విసుక్కున్నారు. కాని ఆ పెద్దావిడ సంగతి తెలిసిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు రాయడం కష్టం కాలేదు. సూపర్ వీసా మీద పిల్లల దగ్గరకు వచ్చి ఉండే తల్లిదండ్రులు పగలంతా ఒంటరిగా బయట తిరిగేవారు, ఇంగ్లీషు అంతంతమాత్రం, సాయంత్రం తరగతులకు రాలేరు. వారి కోసం పగటి పూట, గ్రంథాలయంలో, మనవళ్ళు బడిలో ఉన్న వేళ విడిగా సమావేశాలు పెడతామని రాశాం.

ఇక్కడ ఒక చర్చ గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దరఖాస్తు మొత్తంలో మమ్మల్ని ఎక్కువ కదిలించినది అదే. ప్రాజెక్టు లక్ష్యాలు రాస్తున్నప్పుడు కార్యవర్గంలో చిన్నవాడైన ఒక సభ్యుడు, మనకు జరిగే వివక్ష గురించి ఇంత రాస్తున్నాం, మనం చూపించే వివక్ష మాటేమిటని అడిగాడు. అద్దెకిచ్చే బేస్‌మెంట్ల ప్రకటనల్లో నల్లజాతివారికి ఇవ్వమని మనవారు మెసేజ్ గ్రూపుల్లో రాసుకోవడం, గది పంచుకోవడానికి వచ్చిన విద్యార్థిని ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరకు కులం తేల్చుకుని వద్దనడం, ఇవేవీ మాకు తెలియనివి కావు. ఇటువంటివి రాస్తే మన పరువు మనమే తీసుకున్నట్లవుతుందని, ప్రభుత్వం ముందు కులం మాట ఎత్తడం దేనికని పెద్దవారిలో కొందరు గట్టిగా వాదించారు. కులం జాతి వివక్ష కిందకు రాదు కదా అని ఇంకొకరు చట్టం మాట తీశారు. అయితే 2023 మార్చిలో టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు కులవివక్షపై తీర్మానం చేసి మానవ హక్కుల కమిషన్ సాయం కోరింది. అదే ఏడాది అక్టోబరులో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ కులవివక్ష కూడా వంశం, మతవిశ్వాసం, జాతి మూలం వంటి ఇప్పటికే ఉన్న కారణాల కిందకు వస్తుందని ప్రకటించింది. పశ్చిమాన బర్నబీ నగరం అంతకు ముందే తన విధానంలో కులాన్ని చేర్చింది. ఈ పత్రాలు ముందు పెట్టిన తరువాత చట్టం వాదన ఆగింది, పరువు వాదన ఆగలేదు. చివరకు ఓటు వేసి, వాలంటీర్ల శిక్షణలో ఒక పూర్తి భాగం మన సముదాయాల లోపలి వివక్షకు కేటాయించాలని నిర్ణయించాం. ఒక పాత సభ్యుడు ఆ సమావేశం తరువాత మళ్ళీ రాలేదు. ఆయన లేని లోటు ఉన్నా, ఆ భాగం లేకుండా దరఖాస్తు పంపి ఉంటే నేను దాని మీద సంతకం చేయగలిగేదాన్ని కాదు.

భాగస్వాముల లేఖల కోసం గ్రంథాలయాన్ని, ఒక సముదాయ న్యాయ సహాయ కేంద్రాన్ని, కరీబియన్ మూలాలవారి సంఘాన్ని అడిగాం. మద్దతు ఇస్తున్నామని పొడిపొడిగా రాసిన లేఖ కంటే, ఏ గది ఇస్తారో, ఎవరిని పంపుతారో, ఎన్ని గంటలు కేటాయిస్తారో చెప్పే లేఖకే విలువ ఎక్కువ.

బడ్జెట్ దగ్గర మా కోశాధికారి ఓర్పు బయటపడింది. ఈ కార్యక్రమంలో వచ్చే డబ్బు రెండు రకాలు. గ్రాంటు అయితే అర్హత చూసి ఇస్తారు, షరతులు, లెక్కల తనిఖీ తక్కువ. కాంట్రిబ్యూషన్ అయితే ఒప్పందం ఉంటుంది, ఖర్చుకు రుజువు చూపాలి, ఆడిట్ చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. చిన్న సంఘం ఈ తేడా తెలియకుండా అడుగు పెడితే, డబ్బు వచ్చిన తరువాత ఊపిరాడదు. ఇతర ప్రభుత్వాల నుంచి ఏమి వస్తోందో, సంఘం సొంతంగా ఏమి పెడుతోందో, వస్తు రూపంలో ఎవరేమి ఇస్తున్నారో అన్నీ చూపించాలి. ఉచితంగా ఇచ్చే గదికి, వాలంటీర్ల గంటలకు న్యాయమైన విలువ కట్టి రాయవచ్చు, కాని ఆ గంటలు నిజంగా జరిగాయని చూపే హాజరు పట్టీ తరువాత అడుగుతారు. అనువాదకులకు, పిల్లలను చూసుకునేవారికి, బస్సు టికెట్లకు విడివిడిగా పద్దులు పెట్టాం. పిల్లలను ఎవరు చూసుకుంటారన్న పద్దు లేని శిక్షణకు తల్లులు రారు. పన్ను విషయం కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. సంస్థ ఆదాయంలో కనీసం 40 శాతం ప్రభుత్వ నిధులైతే, ఛారిటీ కాని లాభాపేక్ష లేని సంస్థ కూడా కొనుగోళ్ళపై కట్టిన అమ్మకం పన్నులో కొంత తిరిగి కోరవచ్చు. ఒంటారియోలో ఉండే 13 శాతంలో ఫెడరల్ వాటాకు సగం, రాష్ట్ర వాటాకు 82 శాతం వెనక్కి వస్తుంది. తిరిగి వచ్చే పన్నును బడ్జెట్‌లో ఖర్చుగా చూపకూడదు, ఆ లెక్క మొదటే సరిచూసుకోవాలి.

దరఖాస్తు పంపిన తరువాత నెలల తరబడి ఎదురుచూడాలి. అది అందరికీ ఉన్నదే. ఆమోదానికి ముందు పెట్టిన ఖర్చు సాధారణంగా లెక్కలోకి రాదు కనుక, ఆ కాలంలో ఎవరికీ డబ్బు మాట ఇవ్వలేదు. మధ్యలో ప్రోగ్రాం అధికారి ఫోను చేసి, శిక్షణ పొందిన వాలంటీర్లు మానేస్తే ఏమి చేస్తారని, సేకరించిన అనుభవాల గోప్యత ఎలా కాపాడతారని అడిగారు. రెండో ప్రశ్నకు కాగితాలను తాళం వేసి పెడతామన్న జవాబు సరిపోలేదు. ఎవరు చూడవచ్చు, ఎంతకాలం ఉంచుతారు, ఎలా నాశనం చేస్తారు అన్నది రాతపూర్వకంగా పంపమన్నారు, పంపాం.

అడిగిన దానికంటే తక్కువ మొత్తానికే ఆమోదం వచ్చింది, కాంట్రిబ్యూషన్ రూపంలో. తక్కువ ఇచ్చినప్పుడు లక్ష్యాలు కూడా తగ్గించి కొత్త బడ్జెట్ పంపాలి, అదే పనిని సగం డబ్బుతో చేస్తామని ఒప్పుకోకూడదు. ప్రభుత్వ సాయాన్ని ఇంగ్లీషులోనూ, ఫ్రెంచిలోనూ ప్రకటించాలన్న షరతు ఉంటుంది కనుక, మా తెలుగు పోస్టరు అడుగున ఆ రెండు భాషల వాక్యాలూ చేరాయి. డబ్బు ఒకేసారి రాదు. కొంత ముందుగా, కొంత నివేదికలు చూసి, చివరి భాగం తుది నివేదిక ఆమోదం పొందిన తరువాత ఇస్తారు. ఆ చివరి భాగం వచ్చేదాకా ఖర్చును మోయడానికి ఇద్దరు సభ్యులు సంఘానికి అప్పు ఇచ్చారు. బ్యాంకులో నిల్వ లేని సంఘాలు దరఖాస్తుకు ముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

పని జరిగిన కాలంలో నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించినది నివేదిక. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు అన్నవి రాయడం సులువు. వివక్ష ఎంత తగ్గిందన్నదానికి చిన్న సంఘం దగ్గర కొలత ఉండదు, ఉన్నట్లు రాయడం నిజాయితీ కాదు. మేము రాసినది ఇంత మాత్రమే: శిక్షణకు ముందు, తరువాత అడిగినప్పుడు ఫిర్యాదు గడువు ఎంతో చెప్పగలిగినవారు ఎందరు, న్యాయ సలహాకు మేము పంపినవారు ఎందరు, అందులో ఫిర్యాదు దాకా వెళ్ళినవారు ఎందరు. మూడో అంకె చాలా చిన్నది. వలస హోదా ఇంకా ఖాయం కానివారు, ఉద్యోగం పోతుందని భయపడేవారు సలహా విని వెళ్ళిపోతారు, అది వారి నిర్ణయం. ఆ అంకెను పెద్దది చేసి చూపించమని అధికారి ఎప్పుడూ ఒత్తిడి చేయలేదు. చిన్న అంకెకు కారణం రాస్తే అంగీకరించారు.

ఈ విధానంలో నాకు నచ్చనిది ఒకటుంది. ప్రాజెక్టు డబ్బు ప్రాజెక్టు ముగియగానే ఆగిపోతుంది. శిక్షణకు, పోస్టర్లకు, గదులకు నిధి ఉంటుంది కాని, ఫోను ఎత్తే మనిషికి ఏడాది పొడవునా జీతం ఉండదు. వివక్షకు గురైన మనిషి మా ఆర్థిక సంవత్సరం చూసుకుని రాడు. శిక్షణ పొందిన వాలంటీర్లలో ఉద్యోగాలు మారినవారు, ఊరు వదిలినవారు పోగా మిగిలినవారితో గ్రంథాలయంలో పగటి సమావేశాలు ఇప్పటికీ నడుపుతున్నాం, న్యాయ సహాయ కేంద్రం నుంచి ఒకరు వీలున్నప్పుడు వస్తున్నారు. రసీదులు, హాజరు పట్టీలు, బ్యాంకు పత్రాలు పన్ను శాఖ నియమం ప్రకారం ఆరేళ్ళు ఉంచాలి కనుక, కోశాధికారి వాటిని పెట్టెల్లో సర్ది తన ఇంట్లోనే పెట్టారు. ఈసారి సామర్థ్యం పెంచుకునే విభాగంలో, వారానికి కొన్ని గంటలు పని చేసే ఒక సమన్వయకర్త కోసం దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. కరీబియన్ సంఘం ఈసారి లేఖ ఇచ్చి ఊరుకోకుండా, మాతో కలిసి సహ దరఖాస్తుదారుగా ఉంటామన్నది. రెండు సంఘాల నియమావళులను పక్కపక్కన పెట్టుకుని, డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలి, సంతకాలు ఎవరివి ఉండాలి అన్న చర్చ ప్రస్తుతం నడుస్తోంది.